కలిపేసిన కనుబొమ్మ

హరిత డ్రాయింగ్ మాస్టరు సూర్యప్రకాష్‌తో మొదటిసారి మాట్లాడింది దెబ్బలాడటానికే.

1995 జులై. బయట వాన. భిలాయి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్, సెక్టర్ 4లోని తెలుగు ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్లింది. డిసెంబరు దాకా ఆ స్థానంలో పనిచేయడానికి హరిత వచ్చి మూడు రోజులైంది. సగం తడిసిన కొంగుతోనే డ్రాయింగ్ గదిలోకి వచ్చి, నోటు పుస్తకాల దొంతరను బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, మూడో తరగతిలో పిల్లలెంతమంది?"

"నలభై రెండు."

"కాదండీ, ఒక్కరే. చూడండి." ఒక్కొక్క పుస్తకం తెరిచి పరిచింది. అన్నింటిలోనూ అదే మామిడిపండు. అన్నింటికీ ఆకు కుడివైపుకే వాలింది. "మీ చెట్టుకి ఎడమవైపు ఆకు మొలవదా?"

సూర్యప్రకాష్ నల్లబల్ల కేసి చూశాడు. అక్కడా ఆకు కుడివైపుకే ఉంది.

"ముందు చెయ్యి తిరగాలి కదండీ."

"తిరిగింది. అందరి చెయ్యీ మీ చెయ్యిలాగే తిరిగింది."

అతనికి నవ్వు వచ్చింది. కానీ కాస్త ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఆమె గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఆ జనవరిలో తండ్రి అప్పలసూరి పోయాక, అతనికి ఏదైనా కొంచెం ఆలస్యంగానే వస్తోంది.

మరుసటి వారం ఆమె క్యాంప్ 2 బజారులో కొన్న చిన్న అద్దాలు పట్టుకుని అతని క్లాసుకే వచ్చింది. నలుగురికి ఒక అద్దం చొప్పున పంచి, "ఎవరి బొమ్మ వాళ్లే వెయ్యాలి. మిమ్మల్ని ఎరగనివాళ్లు కూడా బొమ్మ చూసి పోల్చుకోవాలి," అని చెప్పింది.

మనోజ్‌కుమార్ చెయ్యెత్తాడు. "టీచర్, ఫొటో కింద నంబరు రాయాలా? మా డాడీ ప్లాంటు గేట్ పాసు మీద ఉంటది."

"నీ నంబరెంత?"

"రోల్ నంబర్ సత్రా."

"అయితే పదిహేడని రాసెయ్."

భాగ్యరేఖ మాత్రం అద్దం పట్టుకుని సూర్యప్రకాష్ దగ్గరికి వచ్చింది. క్యాంప్ 2 పిల్ల. ఎనిమిదేళ్లు. "సర్, యే భీ? ఇది కూడా వెయ్యాల్నా?" అని కుడి కనుబొమ్మ చూపించింది. అది మధ్యలో తెగి, రెండు ముక్కలుగా ఉంది.

"ఎలా తెగింది?"

"ఝూలా ఊగుతూ పడిపోయిన. నాలుగు కుట్లు. నేను ఏడవలే. డాక్టర్ సాబ్ బహాదుర్ అన్నాడు."

"అయితే అది తప్పకుండా ఉండాలి," అంది వెనక నుంచి హరిత.

భాగ్యరేఖ ఆ బొమ్మ మీద నెల రోజులు పనిచేసింది. ముక్కు చిన్న చుక్క. నోరు ఒక గీత. కనుబొమ్మ మాత్రం కాగితంలో సగం. రెండు నల్లటి ముక్కలు, వాటి మధ్య చీమల బారు నడిచి వెళ్లేంత ఖాళీ.

ఆ వానాకాలమంతా సాయంత్రాలు సూర్యప్రకాష్ తన గొడుగుతో హరితను టెంపో ఎక్కించడానికి రోడ్డు దాకా వెళ్లేవాడు. ఆమె ఇల్లు భిలాయి-3లో, రైల్వే క్వార్టర్స్‌లో. తండ్రి పార్థసారథి రైల్వే ఇంజినీరు. దారిలో ఆమే మాట్లాడేది.

"మీరు మాటలు కూడా రేషన్ షాపులో తెచ్చుకుంటారా మాస్టారూ?"

"ఏటండీ అలా అంటారు?"

"హమ్మయ్య, మూడు మాటలు. ఈ నెల కోటా అయిపోయినట్టేనా?"

గొడుగు ఆమె వైపే ఎక్కువ వంగేది. అతని ఎడమ భుజం రోజూ తడిసేది. ఆమె అది చూసేది, చూసినట్టు తెలియనిచ్చేది కాదు. ఒకరోజు మాత్రం, "ఆ భుజానికి జలుబు చేస్తుంది," అని గొడుగు కర్రను అతని వైపు తోసింది. ఆమె వేళ్లు అతని వేళ్లకు తగిలాయి. టెంపో వచ్చేసింది.

నవంబరు పద్నాలుగున బాలల దినోత్సవం. పిల్లల బొమ్మలు తల్లిదండ్రులకు చూపించాలని హరిత ఆలోచన. ఆ రోజు సాయంత్రం ఆమెతో మాట్లాడాలని సూర్యప్రకాష్ నిర్ణయించుకున్నాడు. ఏం చెప్పాలో వారం ముందు నుంచే మనసులో కూర్చుకున్నాడు.

అంతకు ముందు ఆదివారం మధ్యాహ్నం బొమ్మలకు అట్టలు అంటించడానికి అతనొక్కడే స్కూలుకు వెళ్లాడు. నలభై రెండు బొమ్మలూ నేల మీద పరిచి చూశాడు. పెద్దవాళ్లు వస్తారు. ప్లాంటు ఆఫీసర్లు వస్తారు. ఇవేం బొమ్మలని నవ్వుతారేమో. హరిత చిన్నబోతుందేమో.

ప్రదర్శనకు పెట్టే ముందు పిల్లల బొమ్మలకు డ్రాయింగ్ మాస్టరు ఫినిషింగ్ ఇవ్వడం ఎక్కడైనా ఉన్నదే. అతని గురువు చేసేవాడు. అతనూ ఏటా చేస్తూనే ఉన్నాడు. నల్ల స్కెచ్ పెన్నూ, పోస్టర్ కలర్లూ తీశాడు. వంకర ముక్కులు నిలబెట్టాడు. కళ్లు ఒక వరుసలోకి తెచ్చాడు. పదిహేడు నంబరు మీద తెల్లరంగు వేశాడు. భాగ్యరేఖ బొమ్మ దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత ఆ ఖాళీని ఒక్క గీతతో కలిపేశాడు.

పని ముగిసేసరికి చీకటి పడుతోంది. ఇంత తృప్తిగా ఏ పనీ చేయలేదనుకున్నాడు.

మంగళవారం ప్రదర్శనలో హెడ్మాస్టరు రాజగోపాల్ గోడ పొడవునా నడిచి, "భలే ఉన్నాయయ్యా. అన్నీ ఒకే చేత్తో వేసినట్టున్నాయి," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. సూర్యప్రకాష్ హరిత కోసం చూశాడు. ఆమె అప్పుడే పిల్లల్ని లోపలికి తీసుకొస్తోంది.

భాగ్యరేఖ ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. తన బొమ్మ ముందు నుంచే రెండుసార్లు వెళ్లింది.

"టీచర్, మేరా వాలా నహీ లగాయా. నాది పెట్టలే."

హరిత వంగి, బొమ్మ కింద ఉన్న పేరు మీద వేలు పెట్టి చూపించింది. పిల్ల ఆ పేరు చదివింది. తల ఎత్తి బొమ్మను చూసింది.

"ఇది నేను కాదు," అంది. ఏడవలేదు.

జనం వెళ్లిపోయాక హరిత అతని దగ్గరికి వచ్చింది.

"ఎప్పుడు చేశారిదంతా?"

"ఆదివారం."

"నన్నొక మాట అడగకూడదా?"

"మీకు మంచి పేరు వస్తుందని..." అతను ఆగి, "మీకోసమే," అన్నాడు.

ఆమె మొహంలో రంగు మారింది. ఆ మాట కోసం ఆమె కూడా ఎదురుచూస్తోందని అతనికి అప్పుడే తెలిసింది. అది ఏ రోజున చెప్పకూడదో ఆ రోజునే చెప్పాడు.

"మరి నేనిప్పుడు ఆ పిల్లకి ఏం చెప్పాలి మాస్టారూ? నాకోసం నీ మొహం మార్చేశారనా?"

ఆ రోజు ఆమె టెంపో దాకా ఒంటరిగానే వెళ్లింది.

ఇంట్లో అతను అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తల్లి సింహాచలమ్మ కంచం తీస్తూ అడిగింది. "ఏటయిందిరా?"

చెప్పాడు. ఆమె అంతా విని, గోడ మీది పటం కేసి చూసింది. అప్పలసూరి ప్లాంటు పాసు కోసం తీయించుకున్న చిన్న ఫొటోను సూర్యప్రకాష్ స్టూడియోలో పెద్దది చేయించాడు. మచ్చలు తీసెయ్యాలా అని స్టూడియో వాడు అడిగితే తీసెయ్యమన్నాడు. తండ్రి మొహం నున్నగా, తెల్లగా వచ్చింది. తల్లి దానికి ఒక్కరోజూ దండ వెయ్యలేదు. దుఃఖం వల్లనేమో అనుకున్నాడు.

"ఆ పటంలో ఉన్నాయన ఎవలో నాకు తెల్దురా," అంది సింహాచలమ్మ. "సెవి కింద మచ్చ నువ్వు పుట్టిన ఏడు పడినాది. ఫర్నేసు కాడ నిప్పురవ్వ. బుగ్గ మీద రెండు, మా అమ్మ పోయిన ఏడు. అయన్నీ తుడిపించీసినావు."

"అప్పుడే సెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు అంత సంబరంగా అట్టుకొచ్చినావు. ఏటి సెప్పనూ."

మర్నాడు పొద్దున్నే అతను ఆ పటం దించి, పాత చిన్న ఫొటోనే గోడకు పెట్టాడు. తర్వాత స్కూలుకు వెళ్లి, మూడో తరగతి ముందు నిలబడ్డాడు.

"మీ బొమ్మలు నేను పాడుచేశాను. తప్పు నాది. మళ్లీ వేద్దాం."

చాలామంది వేశారు. మనోజ్‌కుమార్ ఈసారి పదిహేడు అంకె మొహం కన్నా పెద్దది రాశాడు. భాగ్యరేఖ తెల్లకాగితం తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

"మీరే వెయ్యండి సర్. మీకే అచ్ఛా వస్తది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

డిసెంబరు ఆఖరున హరిత వెళ్లిపోయింది. వెళ్లేముందు స్టాఫ్ రూమ్ గుమ్మంలో ఆగింది.

"ఆ పిల్ల వేసిందా?"

"లేదండీ."

"వేసిన రోజు నాకు చెప్పండి."

ఇంకేదో అంటుందని చూశాడు. అనలేదు. అతను కూడా అనలేదు. ఆ పిల్ల చేతిని ఆపినవాడికి, తన మాట చెప్పుకునే హక్కు లేదనిపించింది.

జనవరి అంతా అతను నల్లబల్ల మీద ఏ బొమ్మా వెయ్యలేదు. భాగ్యరేఖ రోజూ కాగితం తీసుకునేది, రోజూ ఖాళీగానే ఇచ్చేది. అతను ఏమీ అనకుండా తీసుకునేవాడు. దిద్దడం కన్నా ఊరుకోవడం ఎంత కష్టమో ఆ నెలలో తెలిసింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం హరిత తలుపు తీసేసరికి, ఎదురుగా సూర్యప్రకాష్ నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"మాస్టారూ?"

"భాగ్యరేఖ వేసిందండీ. శుక్రవారం. వెనక బెంచీలో కూర్చుని, తనంతట తనే."

హరిత తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది. "ఎలా ఉంది?"

"తెలీదు. నేను దగ్గరికి వెళ్లగానే కాగితం మడిచేసింది. మీకు చూపించను సర్ అంది."

"మరి మీరేమన్నారు?"

"సరే అన్నాను."

ఆమె అతనివైపు చూసింది. అతను తలదించుకుని, చెప్పులకున్న దుమ్ము చూసుకున్నాడు.

"నాకు చూపించకపోవడమే న్యాయం అండీ. మొదటిది ఎలాగూ తిరిగి రాదు." తలెత్తాడు. "ఇంకొకటి కూడా చెప్పాలి. మీరంటే నాకు ఇష్టం. గొడుగు పట్టుకున్నప్పటి నుంచీ. చెప్పకూడని రోజున సగం చెప్పాను. మిగతా సగం ఇది."

"ఇవన్నీ బస్సులో ఎన్నిసార్లు దిద్దుకున్నారు?"

"సైకిల్ మీద వచ్చానండీ. ఎదురుగాలి. దిద్దుకోవడానికి వీలవలేదు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాకు ఇంకా కోపం పోలేదు మాస్టారూ."

"పోకపోయినా పర్వాలేదండీ."

లోపల నుంచి పార్థసారథి గొంతు వినిపించింది. "ఎవరమ్మా?"

"మా డ్రాయింగ్ మాస్టారు నాన్నా," అంది హరిత, గుమ్మంలోంచి పక్కకు జరుగుతూ. "మీతో మాట్లాడాలట. మాటలు తక్కువ. కొంచెం ఓపిగ్గా వినండి."