మేలుపలుకు

ఆ ఉదయం ఒంగోలు ఆసుపత్రి వరండాలో కూర్చున్న చక్కా వంశీధర్ చేతిలో ఉన్న పెట్టుబడి ఒక్కటే, ఎదుటి ముఖం చదవగల కన్ను. చీరాలలో నలభై ఏళ్లు బట్టల టోకు వ్యాపారం దాని మీదే నడిపాడు. మాటలను ఏనాడూ నమ్మలేదు. లోపల భార్య మాధవి మంచం మీద ఉంది. ఒంటరిగా పోతానేమోనని ఆమెకు భయం. ఆ ఘడియకు చెయ్యి పట్టుకుని ఉంటానని అతను మాటిచ్చాడు.

నర్సు సలోమీ బయటికి వచ్చింది. ఆమె చెవి వెనుక ‘మేలుపలుకు’ అనే బియ్యపుగింజంత యంత్రం ఉంది. పని భారం మోయలేక నర్సులు మూకుమ్మడిగా మానేస్తున్న రోజుల్లో, మంచిని తలచుకోవడం నేర్పే పాఠాలు వాళ్ల కోసం ఆన్‌లైన్‌లో మొదలయ్యాయి. ఇప్పుడా పాఠాలే గింజగా మారి, గుండె దడ పెరిగినప్పుడల్లా ఆ రోజు జరిగిన ఏదో ఒక మేలును చెవిలో చెబుతాయి. మానేసేవాళ్లు తగ్గారు. వార్డులో నర్సుల ముఖాన దిగులు కనబడి చాన్నాళ్లయింది.

పరిస్థితి బాగాలేదనీ, ఇవాళ ఎక్కడికీ వెళ్లవద్దనీ సలోమీ చెప్పింది. వంశీధర్ ఆ ముఖంలోకి చూశాడు. ఎక్కడా ముడత లేదు.

“ఇల్లు తగలబడుతోందని కూడా ఇట్టాగే చెబుతావేమో తల్లీ,” అని నవ్వాడు. ఆసుపత్రివాళ్లు అందరికీ చెప్పే జాగ్రత్తే అనుకున్నాడు. స్నానం చేసి వద్దామని చీరాల వెళ్లాడు.

మూడు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర వేసి ఉంది. సలోమీ అదే ముఖంతో విషయం చెప్పింది.

అతను, “ఒక్కతే ఉందా?” అని అడిగాడు.

“లేదు బాబాయ్‌గారూ. చెయ్యి నేను పట్టుకున్నా. చేరిన కొత్తలో, చెవెనక ఇది లేనప్పుడు, ఇట్టాంటప్పుడు పక్కకెళ్లిపోయేదాన్ని. పిన్నిగారు ‘ఏమండీ’ అని రెండుసార్లు పిలిచారు. కళ్లు తెరవలా.”

“నువ్వేమన్నావ్?”

“ఇక్కడే ఉన్నాను మధూ, అన్నా. మీరట్టాగే పిలుస్తారుగా. నా వేళ్లు గట్టిగా పట్టుకున్నారు. భయపడలేదండీ.”

వంశీధర్ తెర పక్కన నిలబడిపోయాడు. మాధవి భయపడకుండా వెళ్లింది. ఎటు నుంచి లెక్క కట్టినా అది లాభమే. అతను ఇచ్చిన మాట నిలబడింది, వేరొకరి చేతిలో. రెండు పిలుపులకూ బదులు దొరికింది, వేరొకరి గొంతులో. తన వంతుకు ఏమీ మిగల్లేదు.