ధరణికోట పాలరాయి

"ఏజెంట్ పదిహేడు! శనివారం ఓడ కదిలిందా, ఆ రాయిని ఇక ఏ దేవుడూ వెనక్కి తేలేడు."

1944 మే నెల. గుంటూరు బంగళాలో సీఐడీ చీఫ్ వెంకట్రామయ్య ఫోటో ఒకటి బల్ల మీదికి విసిరాడు. ధరణికోట చేలో నాగలికి తగిలిన మూరెడు పాలరాయి పలక అది. రెండు వేల ఏళ్ల నాటి చెక్కడం. విదేశీ ముఠా దాన్ని పత్తి బేలులో దాచి క్రోసూరు, చిలకలూరిపేటల మీదుగా మద్రాసు రేవుకు తరలిస్తోంది.

"పదకొండు పలకలు పోయాయి. ఈ ఒక్కటైనా దక్కించు, జిలానీ!"

మర్నాడు మిట్టమధ్యాహ్నం క్రోసూరులో అత్తరు సాయిబు ఒకడు దిగాడు. గడ్డం ఉత్తుత్తిది. అత్తరు పెట్టెలో కెమెరా ఉంది. పత్తి బండ్ల పక్కన కారు ఆగి, నల్ల కళ్లద్దాల షాహిదా దిగింది. ముఠా జీతగత్తె, సీఐడీకి ఇన్‌ఫార్మర్.

"గులాబీ అత్తరుందా?"

"ఉప్పు వాన పడితేనే పూస్తుంది," అన్నాడు జిలానీ. కోడ్ కలిసింది. "ఇవాళ నీది ఏ పక్షం?"

"సాయంత్రం దాకా మీ పక్షమే, జిలానీ సాబ్. బండివాళ్లు సద్ది తింటున్నారు. పది నిమిషాలు. మూడో బేలు."

బ్లేడుతో బేలు కోశాడు. పత్తి తప్పించగానే చెయ్యి ఆగిపోయింది. పలక మీద, తల్లి నడుం వెనక దాక్కుని తొంగిచూస్తున్న పిల్లవాడు! తల్లి వాణ్ణి మెల్లగా ముందుకు నెడుతోంది. అబ్బ, ఆ వేళ్లు! నరసరావుపేట దర్జీ కొడుకు జిలానీకి శిల్పం సంగతేం తెలుసు? అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తర్వాత ఏడుద్దువులే! మా ముఠా దొర వస్తున్నాడు," అంటూ షాహిదా బేలులో బండరాయి ఒకటి కుక్కింది.

షాహిదా కారులో పెడితే ముఠావాళ్లు సోదా చేస్తారు. ఎక్కడ దాచాలి? రోడ్డు పక్కన సున్నపు బట్టీ, దాని ముందు రాళ్ల కుప్ప. రాళ్లలో రాయిని ఎవడు వెతుకుతాడు! పలకను బోర్లా పెట్టాడు. బట్టీ కాల్చే ఏసోబు గుడ్లప్పగించి చూస్తుంటే, చుట్టల కట్ట వాడి చేతిలో పెట్టి నోటి మీద వేలు వేసుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. రహస్యం మరి!

శనివారం మద్రాసు రేవు. ఓడ కూత వేసిన క్షణాన ముఠా నాయకుణ్ణి దొంగ పాస్‌పోర్టుతో సహా ఓడ నిచ్చెన మీద పట్టుకున్నాడు జిలానీ. బేలు విప్పితే బండరాయి! దొర ముఖం చూడాలి. షాహిదా మాత్రం అదే ఓడ పైనుంచి చెయ్యి ఊపింది.

సోమవారం క్రోసూరు చేరేసరికి కుప్ప లేదు.

"నా రాయేదిరా?"

"కాల్చానుగా అయ్యా!"

జిలానీ ఉన్నచోటే కూలబడ్డాడు.

"అదేందయ్యా, అట్టా కూలబడ్డారు?" అన్నాడు ఏసోబు కంగారుగా. "రాయి కుప్పలో దించి చుట్టలిస్తే కాల్చమనేగా! మా తాతలనాటి ఆనవాయితీ. నోరు మూసుకోమన్నారు, ఎవురికీ చెప్పలా. బొమ్మల రాయి చానా మంచిదయ్యా, సున్నం మల్లెపూవే! మా తాత బండ్లకి బండ్లు కాల్చాడు."

జిలానీ దుమ్ములో కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. దొంగల చేతిలోనే ఉంటే ఏ దేశంలోనో బతికి ఉండేది కదా!

"సున్నం ఏం చేశావు?"

"గుంటూరు తోలుకెళ్లారు. పాత బొమ్మలు పెట్టే గదంట, ఎల్ల ఏస్తన్నారు."

గుంటూరులో ఆ గది తళతళలాడుతోంది. చీఫ్ మధ్యలో నిలబడి మురిసిపోతున్నాడు. "శభాష్, పదిహేడు! ఏదీ, పలక ఎక్కడ? ఈ గదిలోనే పెడదాం."

జిలానీ గోడకు వేలు రాసి చూసుకున్నాడు.

"పెట్టేశాను సార్. నాలుగు గోడలకీ."