మంగతాయారు చెయ్యి

పోటు తగ్గి ఆటు మొదలైంది. మడచెట్ల వేళ్ల మధ్య నుంచి నీళ్లు గలగలా సముద్రంలోకి జారిపోతున్నాయి. నాలుగు నిమిషాల్లో పాయ ఎండిపోయి బురద తేలుతుంది. ఈలోగా నాటుపడవ సముద్రం చేరాలి. తాతారావు కుర్చీలో ముందుకు వంగి, చేతిలో లేని తెడ్డుని బలంగా తోశాడు. తెర మీద పడవ అవసరానికి మించి కుడికి తిరిగింది. వేళ్లకి గుద్దుకుని ఆగిపోయింది.

"మళ్లీ అదే మలుపు దగ్గర," అని టాబ్లెట్‌లో రాసుకుంది డాక్టర్ నౌషీన్.

"మలుపులో తప్పుంది మేడమ్. ఆట సరిచెయ్యాలి," అన్నాడు తాతారావు.

ఆ మాట అనే హక్కు అతనికుంది. కాకినాడలో ఆ గేమింగ్ సెంటర్ తెరిచి ఎనిమిదేళ్లయింది. ఎనిమిదేళ్లుగా ఏ కొత్త గేమ్ వచ్చినా మొదట ఆడేది తాతారావే. మధ్యాహ్నం దాకా పోర్టులో కంప్యూటర్ ముందు కూర్చుని క్రేన్లు నడుపుతాడు. ఆ తర్వాత సెంటర్‌కి వస్తాడు. ఎక్కడ విసుగొస్తుందో, ఎక్కడ అన్యాయంగా ఉందో అతను చెబితే కంపెనీలు మార్చుకుంటాయి. అతను ఆడుతుంటే కాలేజీ కుర్రాళ్లు కుర్చీ వెనక గుమిగూడి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు లేని సాయంత్రం అతనికి గుర్తులేదు.

ఈసారి వచ్చింది మాత్రం ఉత్త గేమ్ కాదు. మోచేతి నుంచి వేళ్ల దాకా ఒక తొడుగు, తలకి పల్చటి టోపీ. వాటిని తెచ్చిన డాక్టర్ నౌషీన్ వాటి సంగతి మొదటిరోజే వివరంగా చెప్పింది. "సైకిల్ నేర్చుకున్నప్పుడు మెదడులో ఒక దారి పడుతుంది. అందుకే పదేళ్లు తొక్కకపోయినా మర్చిపోం. ఈ యంత్రం ఒకరి మెదడులో పడిన దారిని చదివి, చిన్న చిన్న కరెంటు తాకిళ్లతో ఇంకొకరి మెదడులో అదే దారి వేస్తుంది. నెల రోజుల సాధన ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది."

గేమ్‌తో పాటు అలా రికార్డు చేసిన ఒక గురువు చెయ్యి కూడా అమ్ముతారు. కొన్నవాళ్లందరికీ ఆ చెయ్యే ఆట నేర్పుతుంది. ఎవరి చెయ్యి ఎంపికైతే వాళ్ల పేరు, ముఖం, గొంతు గేమ్‌లో ఉంటాయి. ఇంకెవరిది అవుతుంది, తనదే అనుకున్నాడు తాతారావు.

ఎదుటి వరసలో మంగతాయారు టైలరింగ్ షాపుంది. నలభై అయిదేళ్ల మనిషి. కుర్చీలకి కొత్త కవర్లు తొడగడానికి వచ్చింది. ఎన్నడూ గేమ్ ఆడనివాళ్లు కూడా ఒకరు కావాలని డాక్టర్ ఆమెని కూర్చోబెట్టింది. మొదటిరోజు పడవ గిరగిరా తిరిగితే అందరూ నవ్వారు, తాతారావుతో సహా. మూడోరోజుకి ఆమె ఆ మలుపు దాటింది. కత్తెర గుడ్డ మీద జారినట్టు, ఆమె పడవ వేళ్ల మధ్య నుంచి జారిపోయింది.

పది రోజులు ఆమె చేతిని రికార్డు చేశాక, ఇద్దరికీ పోటీ పెట్టారు. తాతారావు ఇంకా మలుపు దగ్గర ఉండగానే మంగతాయారు సముద్రంలో ఉంది.

చప్పట్లు మోగాయి. ఎప్పుడూ మోగే చప్పట్లే, కానీ పక్క కుర్చీకి.

"నీ దయ తమ్ముడూ, నిన్ను చూసే నేర్చుకున్నాను," అంది మంగతాయారు, తొడుగు విప్పుతూ.

తాతారావు నవ్వాడు. దవడలు నొప్పెట్టేలా నవ్వాడు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. కుట్టుమిషను తొక్కుకునే మనిషికి పడవెందుకు? మర్నాడు పోర్టులో కంటైనర్ ఎత్తుతుంటే కూడా ఆ చెయ్యే కళ్లముందు ఆడింది. బ్లౌజులు కత్తిరించే ఆ సన్నటి మణికట్టు తనకుంటే! ఆ కోరిక అతన్ని నిలవనివ్వలేదు.

అందుకే, మంగతాయారు దారిని మొదట ఎవరికి వేసి చూద్దామని డాక్టర్ అడగ్గానే, అతను చెయ్యి చాచాడు.

"ఒక్కమాట తాతారావు గారూ," అంది డాక్టర్. "నేర్చుకునేటప్పుడు మనసులో ఏముంటే అది కూడా దారిలో కలుస్తుందేమోనని నా అనుమానం. రుజువు లేదు. కొత్తగా ఏ చిన్న భావం తోచినా నాకు చెప్పాలి. మంగతాయారు గారూ, మీరు నేర్చుకునేటప్పుడు మీ మనసులో ఏముంది?"

"ఏముంటుందమ్మా? పడవే," అంది మంగతాయారు, కవరు కొసలు సర్దుకుంటూ.

ఇరవై నిమిషాలు పట్టింది. తాతారావు మణికట్టులో చీమలు పాకినట్టయింది, అంతే. పడవ ఎక్కాడు. మలుపు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఆమె ఒడుపుకి అతని అలవాటు తోడై, మంగతాయారు కన్నా పదకొండు సెకన్ల ముందే సముద్రం చేరాడు.

"తాతారావన్నా, అదరగొట్టేశావ్!" అని అరిచారు కుర్రాళ్లు.

ఆ పేరు చెవినపడగానే తాతారావు గుండెల్లో భగ్గుమంది. ఎవడీ తాతారావు? ఎప్పుడు చూసినా వీడికేనా చప్పట్లు? ఇంకెవరూ చెమటోడ్చడం లేదా? మరుక్షణం, ఆ తాతారావు తనేనని గుర్తొచ్చి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమైనా తోచిందా?" అని అడిగింది డాక్టర్.

చెబితే తన చెయ్యి ఎంపిక కాదు.

"ఏం లేదు మేడమ్. హాయిగా ఉంది," అన్నాడు.

అతని చెయ్యే ఎంపికై, గేమ్ విడుదలైంది. గురువు: తాతారావు, కాకినాడ. అతని ముఖం నవ్వుతూ తెరమీదికొచ్చి, "భయపడకండి, తెడ్డు నాకొదిలెయ్యండి," అంటుంది. అలా అన్నది తనే అయినా, అది విన్నప్పుడల్లా అతనికి పళ్లు నూరుకోవాలనిపించేది. అద్దంలో గడ్డం గీసుకుంటూ, ఈ ముఖానికి ఇంత అదృష్టమా అనుకునేవాడు.

రెండు వారాలకి ఉత్తరాలు మొదలయ్యాయి. నాగపూర్ నుంచి ఒక టీచర్ రాసింది: 'మీరెవరో నాకు తెలియదు. మీరు నాకే అపకారమూ చెయ్యలేదు. అయినా మీ పేరు వింటే నిద్ర పట్టడం లేదు. క్షమించండి.' మదురై నుంచి ఒకాయన రాసినదాంట్లో మర్యాద కూడా లేదు. డాక్టర్ లెక్క తీసింది. అప్పటికి తొడుగు వేసుకున్నవాళ్లు పదమూడు వేలమంది. అందరికీ ఒకే జబ్బు. ఎన్నడూ కాకినాడ చూడనివాళ్లు, కాకినాడ తాతారావుని చూసి కుళ్లుకుంటున్నారు.

ఆవిడ అమ్మకం ఆపించి, తిన్నగా సెంటర్‌కి వచ్చింది. తాతారావు తలదించుకుని నిజం చెప్పాడు. ఇద్దరూ కలిసి ఎదుటి షాపుకి వెళ్లారు.

మంగతాయారు మిషను ఆపింది. దారం కండెకి చుట్టింది.

"ఎనిమిదేళ్లు ఇక్కణ్ణించి చూశాను తమ్ముడూ," అంది. "మీ సెంటర్ అద్దంలోంచి నువ్వూ, నీ వెనక జనమూ కనపడేవారు. పెళ్లికూతురికి ముప్ఫై రోజులు కూర్చుని మగ్గం పని చేసిచ్చాను. మెడ కొంచెం వదులైందన్నారు గానీ, ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. నువ్వు బొమ్మ పడవ తిప్పితే ఊరంతా చప్పట్లు. నిన్నెలాగైనా ఓడించాలనే నేర్చుకున్నాను. ఆడదాన్ని, ఇంత వయసొచ్చి, ఆ మాట ఎలా చెప్పను?"

"ఇప్పుడూ అలాగే ఉందా అక్కా?"

"అబ్బే. నిన్ను ఓడించిన రోజే పోయింది. చప్పట్లు విన్నాను, ఇంటికెళ్లి చేపల పులుసు వండుకుని కడుపునిండా తిన్నాను. మళ్లీ నీ గురించి అనుకోనేలేదు."

డాక్టర్ నౌషీన్ చటుక్కున తలెత్తింది. మెదడులో దారి వెయ్యడం యంత్రానికి తెలుసు, చెరపడం తెలియదు. కానీ మంగతాయారు దారి ఎక్కడికి చేరితే ముగుస్తుందో ఇప్పుడు తెలిసింది.

"మీరు పదమూడు వేలమందితో ఆడాలి తాతారావు గారూ," అంది. "అందరి చేతుల్లోనూ ఓడిపోవాలి. కావాలని ఓడారని వాళ్లకి తెలిస్తే లాభం లేదు."

నెగ్గడం కన్నా అది కష్టమైన విద్య అని తాతారావుకి మొదటివారంలోనే తెలిసింది. పిల్లాడితో పిల్లాడిలా, నేర్పరితో నేర్పరిలా, చివరిదాకా ప్రాణం పెట్టి తోసినట్టే తోసి, సగం పడవ దూరంలో ఓడాలి. పోర్టుకి సెలవు పెట్టాడు. రోజుకి అరవైమంది. కుర్చీ వెనక నిలబడేవాళ్లు తగ్గిపోయారు. ఎప్పుడూ ఓడిపోయేవాణ్ణి చూడ్డానికి ఎవరొస్తారు? మంగతాయారు మాత్రం వచ్చి, అంచులు కుట్టుకుంటూ పక్కన కూర్చునేది.

ఇరవయ్యో రోజున నాగపూర్ టీచర్ వంతు వచ్చింది. తెర మూలన ఆవిడ ముఖం కనపడుతోంది. కళ్లకింద నల్లటి చారలు, బిగిసిన పెదాలు. తాతారావు మలుపు దగ్గర లిప్తపాటు చెయ్యి సడలించాడు. ఆవిడ పడవ ముందు సముద్రంలోకి దూకింది. చూస్తుండగానే ఆ ముఖంలో పెదాలు వదులయ్యాయి, కళ్లు వాల్చి పెద్దగా ఊపిరి వదిలింది. "చాలా బాగా ఆడారు తాతారావు గారూ," అంది, నిజంగానే. నవ్వుతూ లేచి వెళ్లిపోయింది.

తాతారావు తెర మూలన ఆవిడ ఖాళీ కుర్చీ వంకే చూస్తున్నాడు.

"ఏమైంది తమ్ముడూ?" అంది మంగతాయారు.

"ఎంత తేలిగ్గా లేచి వెళ్లిపోయిందో చూశావా అక్కా," అన్నాడు. "వచ్చినవాళ్లందరూ ఆ తాతారావుని ఓడిస్తున్నారు. నాకొక్కడికే ఆ అవకాశం లేదు."

మంగతాయారు సూది ఆపి అతనివైపు తిరిగింది. ఈలోగా తర్వాతి మనిషి తెరమీదికొచ్చాడు. తాతారావు ముఖం చూడగానే అతని కనుబొమలు ముడిపడ్డాయి. తాతారావు వంగి కూర్చుని, ఓడిపోవడానికి తెడ్డు అందుకున్నాడు.