ఎర్ర నడికట్టు

"దీనికి ఎర్రరంగు ఎయ్యాలె."

పసుపు నడికట్టు చాచిన లింబాద్రిని గంగామణి కింది నుంచి మీదికి చూసింది. ఆమె బాపు రాజన్న ఎల్లారెడ్డిలో బట్టలకు రంగులద్దుతాడు. ఆయన లేనప్పుడు రంగుబాన దగ్గర ఆమే ఉంటుంది.

"ఎవరు పంపిన్రు?"

"కామారెడ్డి తాలీంల యాకూబు ఉస్తాద్. కర్రసాము నేర్పుతడు."

"ఎర్రకట్టోళ్లు నాకెరుకే. పోయిన ఎండకాలం దొర మనుషుల వెంట లింగంపేటకు పోయి రైతుల చేతులు ఇరగ్గొట్టిన్రు."

లింబాద్రి మొహం చిన్నబోయింది. "వాళ్లు మా తాలీమోళ్లు కాదు. మా దగ్గర తెలుపంటె ఇంకా ఏం రాదని. పసుపంటె దెబ్బ కాసుడు వచ్చిందని. ఎరుపంటె కొట్టుడు వచ్చినా చెయ్యి ఆపుకుంటడని."

"చెప్పుడు మంచిగనే వచ్చు నీకు."

"కండ్లు గూడ మంచిగుంటయంటరు."

"నేననలే."

నవ్వు వస్తుంటే బాన వైపు తిరిగింది. కానీ అతను పోయేదాకా ఒక కన్ను అతని కర్ర మీదే ఉంచింది.

నడికట్టు తీసుకుపోయాక కూడా అతను ఏదో వంకతో వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా బాపు ఎక్కడికి పోయాడని అడిగేవాడు. దొర గడీలో చెప్పడానికేనా అని ఆమె అనుమానం. ఎందుకంటే, దొర ఇంట్లో పెండ్లికి కూలి లేకుండా బట్టలకు రంగులద్దనని రాజన్న అప్పుడే చెప్పి వచ్చాడు. గడీ మాటకు ఎదురుండని రోజులవి.

ఒక పొద్దున దొర జవాను నలుగురు కర్రలవాళ్లతో వాకిట్లోకి వచ్చాడు. వాళ్లలో లింబాద్రి ఉన్నాడు.

అనుకున్నదే అయిందనుకుంది గంగామణి.

"కొట్టు," అన్నాడు జవాను లింబాద్రితో, బాన దగ్గరున్న రాజన్నను చూపించి.

"కొట్ట."

జవాను తనే కర్ర ఎత్తాడు. అది రాజన్న తల మీద పడబోతుంటే లింబాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అయినా అతను తన కర్ర ఎత్తలేదు. మిగిలిన ముగ్గురూ తలలు వంచుకుని బయటికి నడిచారు. ఒంటరైన జవాను తిట్టుకుంటూ వెళ్లాడు.

గంగామణి లింబాద్రి చేతికి వెదురుబద్దలు పెట్టి కట్టింది. అనుమానం మాత్రం తీరలేదు.

"వాళ్లెంట ఎందుకొచ్చినవ్?"

"జవాను మా తాలీముకొచ్చి నలుగురిని పంపుమన్నడు. నేను రాకుంటె ఇంకొకడు వస్తుండె. వాడు కొడుతుండె."

"మరి బాపు ఏడికి పోయిండని ఊకె ఎందుకడిగినవ్?"

"ఆయన లేకుంటె నీతోని ఇంకింత సేపు మాట్లాడొచ్చని."

ఆమె ముడి కొంచెం గట్టిగా బిగించింది. అతను నొప్పికి పళ్లు బిగబట్టాడు.

"చెయ్యి అతికినంక, బాపు ఉన్నప్పుడు రా," అంది.

"వచ్చి ఏం మాట్లాడాలె?"

లోపలి నుంచి రాజన్న గొంతు వినిపించింది. "గది గూడ నేనే చెప్పాల్నా, పిల్లగా?"