పాత పేరుకు రెండో సంతకం

జనగామ బస్టాండు వెనక జిరాక్స్ షాపు మీది గదిలో ఒక రహస్య గూఢచారి బ్యూరో ఆఫీసు ఉందని, కింద జిరాక్స్ తీసే మనిషికి కూడా తెలియదు. ఉదయం ఆరున్నరకు ఆ గదిలో చీఫ్ రఘునాథ్ తన లాప్‌టాప్‌ను ఏజెంట్ సాకేత్ వైపు తిప్పాడు.

"కూసో. టైమ్ తక్కువుంది. కాపలా తెలుసు గద?"

తెలుసు. 'కాపలా' అంటే నలుగురూ కలిసి రాసి ఉచితంగా పంచే లైనక్స్ సాఫ్ట్‌వేర్. భూపాలపల్లి దగ్గర ఒక బొగ్గు గనిలో విషవాయువు పెరిగితే అలారం మోగించేది అదే. గనిలోని అలారం పెట్టెకు కరెంటు రాగానే ఒక చిన్న స్టార్టప్ స్క్రిప్టు లేచి దాన్ని నడిపిస్తుంది.

"అప్‌డేట్‌ల ఆ స్క్రిప్టు పేరు మార్చిన్రు. పాత పేరు తీసేసిన్రు. పదిన్నరకు గనిల కరెంటు లైను మారుతది, పెట్టెలన్ని ఆగి మల్ల లేవాలె. సరిగ్గ గప్పుడే నెప్ట్యూన్ ముఠా మనిషొకడు గనిలకు గాలి పంపే ఫ్యాన్ ఆపుతడు. నిన్న వాళ్ల మెసేజ్ దొరికింది. లోపల నూట ఎనభై మంది."

"ముందే పైకి పిలుద్దాం సార్."

"పిలిస్తే వాడు అప్పుడే ఆపేస్తడు. వాడెవడో మనకు తెల్వదు. అలారం మోగాలె, గంతే."

"పేరు మార్చిందెవరు?"

రఘునాథ్ కిటికీ వైపు చూశాడు. "తనూజ."

 కాపలా రాసే బృందంలో ఒకరైన తనూజ, నెప్ట్యూన్ ముఠాలోకి బ్యూరో పంపిన డబుల్ ఏజెంటు. ఎనిమిది నెలలుగా పట్టుచీరల్లో, నల్ల కళ్లద్దాల్లో విదేశీయుల విందుల్లో మెరిసిపోతోంది. ఈ పని అయిపోగానే సాకేత్‌ను పెళ్లి చేసుకుంటానని మాటిచ్చింది.

"అటు తిరిగిందంటరా?"

"మనోళ్లను గుర్తుపట్టే కోడ్ మాట సోమవారం మార్చినం, మన ఫోన్ నంబర్లు గూడ. పాత జవాబు చెప్పినోళ్లు ఎవరైనా శత్రువే. సంచిల చెయ్యి పెడితే ఆలోచించకు, కాల్చు."

కొత్త కోడ్ తనూజకు చేరిందా అని అడగాల్సింది. అడగలేదు. ప్రేమించినవాడి కోపం అలాంటిది, అడగాల్సిన ఒక్క మాటనే మరిచిపోతుంది.

విత్తనాల కంపెనీ ఏజెంటు వేషంలో, టిఫిన్ డబ్బాలో తనూజ ఫోన్ సిగ్నల్ పట్టే యంత్రంతో ఎనిమిదింటికి నర్సింహులపేట చేరాడు. గనిలో పెట్టెలు బిగించిన పరశురాములు వాకిట్లోనే దొరికాడు. పేరు మార్చిన సంగతి వినగానే, తన పెట్టెలు మళ్లీ లేవవన్నాడు.

"ల్యాబుల టెస్టు చేస్తే మంచిగనే నడిచిందట గద?" అన్నాడు సాకేత్.

"కొత్త పెట్టెలల్ల నడుస్తది సార్. నేను బిగించినయి వేరే. కరెంటు పోయొస్తే ఒక్కోసారి లేస్తలేవని, స్క్రిప్టు పాత పేరు ప్రతి పెట్టెల నా చేత్తోని రాసిన. అరవై రెండు పెట్టెలు. గా పేరు లేకుంటే ఒక్కటి గూడ లేవది."

"పాత పేరే మల్ల పెడితే?"

"వారం సంది కొత్త పేరుతోని బిగించినయి ఆగిపోతయి. దవాఖానలల్ల గూడ ఉన్నయి సార్. రెండు పేర్లు పనిచెయ్యాలె. పాత పేరు నుంచి కొత్తదానికి ఒక లింకు వేస్తే సాలు. కాని ఏ మార్పుకైనా కాపలా బృందంల ఇద్దరి సంతకాలుండాలె."

మారుపేరుతో ఆ బృందంలో చేరిన సాకేత్ ఒక సంతకం పెట్టగలడు. ఇంకొకటి కావాలి.

"నువ్వు చేత్తో రాసినట్టు ఎవరికన్న చెప్పినవా?"

"మొన్న తనూజక్క వచ్చింది. మా ఇంట్లనే అన్నం తిని, అంత అడిగి రాసుకున్నది."

తనూజ శత్రువేనని సాకేత్‌కు రూఢి అయింది. ఆమెను వెతుక్కుంటూ జీపెక్కి, దారి పొడవునా కళ్లు తుడుచుకుంటూ నడిపాడు.

పది ఇరవైకి టిఫిన్ డబ్బా తనూజ సిగ్నల్ పట్టింది. భూపాలపల్లిలో, గని గేటుకు ఎదురుగా ఉన్న లాడ్జి. పై అంతస్తు, పన్నెండో గది. తలుపు తోసి పిస్తోలు ఎత్తి, కోడ్ ప్రశ్న అడిగాడు.

"జర సున్నం దొరుకుతదా?"

ఆమె ముఖం వెలిగిపోయింది. "చిట్యాలల మరిచొచ్చిన."

పాత జవాబు. కొత్త కోడ్‌లో చిట్యాల బదులు జఫర్‌గఢ్ అనాలి.

"ఎన్నిసార్లు ఫోన్ చేసిన సాకేత్! ఒక్కటి గూడ కలుస్తలేదు. ఆగు, గిది చూడు..." ఆమె చెయ్యి సంచిలోకి వెళ్లింది.

సాకేత్ కాల్చాడు.

సంచిలోంచి పిస్తోలు రాలేదు. ఒక ఫొటో జారిపడింది, గని ఫ్యాన్ గది ముందు నిలబడ్డ మనిషిది. మంచం మీది లాప్‌టాప్‌లో లింకు తయారుగా ఉంది. కింద రెండే వరుసలు: మొదటి సంతకం తనూజ. రెండో సంతకం రావాలి.

"కోడ్ మారింది తనూజా..."

"నాకెవ్వరు చెప్పలే." ఆమె గొంతులో నింద లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది. "పేరు మార్చకుంటే ముఠావాళ్లు నన్ను నమ్మకపోదురు. ఏమేం ఆగుతయో పరశురాములన్న కాడ ఎరుక చేసుకున్న. ఏడువకు. ముందు సంతకం పెట్టు."

ఎడమ చేత్తో ఆమె గాయాన్ని అదిమి, కుడి చేత్తో టైప్ చేశాడు. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు పడింది. మళ్లీ కొట్టాడు. పది ఇరవై ఎనిమిది. పెట్టెలు నిమిషానికోసారి అప్‌డేట్ వెతుక్కుంటాయి. తెర మీద లింకు అందుకున్న పెట్టెల అంకె పెరుగుతోంది. నలభై. యాభై ఎనిమిది. అరవై రెండు అని పడిన క్షణంలో లాడ్జిలో ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది.

మళ్లీ వచ్చింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ కాసేపట్లో సాకేత్ తెలిసిన దేవుళ్లందరినీ తలచుకున్నాడు. తర్వాత గని వైపు నుంచి సైరన్ అందుకుంది.

"మోగిందా?"

"మోగింది."

తనూజ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

నూట ఎనభై మందీ బయటికొచ్చారు. ఫొటోలోని మనిషి ఫ్యాన్ గదిలోనే దొరికాడు. సాయంత్రం జనగామలో రఘునాథ్ ఫైలు మూయబోయాడు.

"మిషన్ సక్సెస్, సాకేత్."

"పాత కోడ్‌ను ఇంకొక నెల నడవనిస్తే ఏం పోతుండె సార్? కొత్తది బయటున్న మనిషికి చేరేదాక?"

 కొత్త కోడ్ ఆమెకు చేరిందా అని ఉదయం తానూ అడగలేదని సాకేత్‌కు తెలుసు. ఆ సంగతి ఏ ఫైల్లోనూ రాయరు, అతను మాత్రం బతికినన్నాళ్లూ మోయాలి.

మూడు వారాల తర్వాత కాపలా బృందం పేజీలో వివేక్ అనే వలంటీరు ఒక మర్యాదైన ప్రశ్న పెట్టాడు: "అందరూ కొత్త పేరుకు మారిపోతున్నారు. తనూజ గారు వేసిన పాత పేరు లింకు ఎప్పుడు తీసేద్దాం?"

సాకేత్ జవాబు రాశాడు: "నేను రిటైరయ్యాక. నాకింకా ఇరవై ఏడేళ్ల సర్వీసుంది."