కురసావ సొరంగంలో నాలుగో గూడు

కురసావ సొరంగంలో నాలుగో గూడు దగ్గర ఎవరో ఉంటారని మా లైను డ్రైవర్లందరికీ తెలుసు. రైలొస్తే పనివాళ్లు తప్పుకోడానికి గోడలో తొలిచిన గూళ్లవి. తల తిప్పి చూస్తే ఉండడు... చూడకపోతే ఉంటాడు.

నేనా లైనులో ముప్పై ఒక్క ఏళ్లు బండి నడిపాను. సంఘం పెట్టినందుకు రెండుసార్లు ఉద్యోగం పోతే, కొట్లాడి తెచ్చుకున్నాను. మోరివాకి అనే కుర్ర డ్రైవరు నాతో చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనబడగానే తెల్ల తొడుగు వేసుకున్న చెయ్యి చాచి, వేలితో చూపించి, "సిగ్నల్ పచ్చ" అని పైకి అనాలి. క్యాబిన్‌లో ఒంటరిగా ఉన్నా సరే. మంచి పద్ధతే. ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ వేలు ఎక్కడుంటే కన్ను అక్కడే. చుట్టూ ఉన్నదంతా మసక.

వాడుండేది ఆ మసకలోనే.

అక్టోబరులో మోరివాకికి మొదటిసారి కనబడ్డాడు. వేలు సిగ్నల్ మీదుంది... ఎడమ కంటి కొసన ఒక మనిషి. బ్రేకు వేశాడు. దీపం పట్టుకుని గూళ్లన్నీ వెతికాడు. ఎవరూ లేరు. బండి తొమ్మిది నిమిషాలు ఆలస్యం.

కంపెనీ ఊరుకుంటుందా? మూడు వారాలు గోడకెదురుగా కుర్చీ వేసి, క్షమాపణలు రాయించింది. ఇంకొక్కసారి ఊరికే ఆపితే జన్మలో బండి ఎక్కవన్నారు. మోరివాకికి బండి తప్ప వేరే లోకం లేదు.

"పెద్దాయనా, నాకు పిచ్చెక్కుతోంది," అన్నాడు, స్టేషన్ పక్కన నూడుల్స్ తింటూ. "తిరిగితే మాయమవుతాడు."

"అందుకే తిరక్కు," అన్నాను. మా నాన్న రాత్రిళ్లు చేపలు పట్టేవాడు. సన్నటి చుక్కని సూటిగా చూస్తే ఆరిపోతుంది, పిడికెడు పక్కకి చూడరా అనేవాడు. చీకట్లో మనిషికి సూటిచూపు గుడ్డిది. పక్కచూపే దిక్కు.

"వేలు సిగ్నల్ మీదే ఉంచు. మనసు మాత్రం పక్కన పెట్టు."

"అప్పుడూ కనబడితే?"

నేను గిన్నె ఎత్తి మిగిలిన పులుసు తాగేశాను.

డిసెంబరు. సాయంత్రం బండి, తొమ్మిదిమంది ప్రయాణికులు. నాలుగో గూడు వంపులో ఉంది. అక్కడ బండి ముందుండే దీపం అవతలి గోడ మీద పడుతుంది, గూడు చీకట్లో ఉండిపోతుంది. మోరివాకి వేలు చాచాడు. "సిగ్నల్ పచ్చ"... చూపు కదపలేదు.

ఉన్నాడు.

ఈసారి మాయం కాలేదు. నేల మీద కూలబడి ఉన్నాడు. రెండు చేతులూ తలపైకెత్తాడు... మా రైల్వేలో దానికి ఒక్కటే అర్థం. ఆపు.

ఆపితే బతుకు పోతుంది. ఆపకపోతే... ఏమవుతుందో తెలీదు. సిగ్నల్ పచ్చగానే ఉంది.

ఆపాడు. చేతిదీపం పట్టుకుని దిగాడు.

"దీపం నా మొహమ్మీంచి తియ్యి నాయనా," అంది గూట్లో ఉన్నది. గొణిగినట్టు. "అదిగో, ముందర పట్టా విరిగింది. పోయి చూసుకో."

వెళ్లి చూశాడు. పట్టాలో బెత్తెడు ఎడం.

ఆ కూలబడ్డవాడు ఇవాకిచి. నలభై ఏళ్లు ఆ సొరంగంలో రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచిన గ్యాంగ్‌మన్. నెలకోసారి యంత్రం చూస్తుంది చాల్లే అని కంపెనీ ఇంటికి పంపింది. ఈయన మానలేదు. దొంగలా, దీపం లేకుండా, చేత్తో తడుముతూ నాలుగేళ్లు నడిచాడు.

"తాతా, అక్టోబరులోనూ నువ్వేనా?"

"నేనే. నువ్వు దిగుతుంటే పరిగెత్తాను. అప్పుడు దెబ్బతిన్న మోకాలే ఇవాళ మొరాయించింది." ఆయన మోరివాకి చెయ్యి పట్టుకున్నాడు. "నా పేరు చెప్పకు. ఇదివరకే ఒకసారి పట్టుకున్నారు. ఈసారి జైలే."

మోరివాకి ఆయన్ని వెనక తలుపులోంచి ఎక్కించాడు. ఒక ముసలావిడ జరిగి చోటిచ్చింది. బండిలో ఎవరూ ఏమీ అడగలేదు. బండిని మెల్లగా వెనక్కి, వచ్చిన స్టేషన్‌కే నడిపాడు.

"చీకట్లో, వంపులో, పట్టా విరిగిందని నీకెలా తెలిసింది?" అన్నారు పైవాళ్లు.

"దెయ్యం ఆపింది."

"పరాచికాలా?"

"నాలుగో గూట్లో ఉంటుంది. ఎవర్నైనా అడగండి."

అడిగారు. పదకొండుమంది డ్రైవర్లం. పదకొండుమందిమీ చూశామన్నాం. నేను దాని జుట్టు కూడా వర్ణించాను.

విరిగిన పట్టాని కాదనలేరు, కాగితంలో దెయ్యమని రాయలేరు. మరి కంపెనీ ఏం చేసింది? దెయ్యాలు కనబడేవాడికి బండి ఇవ్వలేమంది. మోరివాకి ఇప్పటికీ గేటు దగ్గర టిక్కెట్లు చూస్తున్నాడు. ఇవాకిచి పేరు మాత్రం బయటపెట్టలేదు.

ఈ ఏడు తొలిమంచుకి ఇవాకిచి పోయాడు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

నిన్న సాయంత్రం బండిలో డ్రైవరు వెనక అద్దం దగ్గర నిలబడి వెళ్లాను. వంపు వచ్చింది. చూపు పిడికెడు పక్కకి పెట్టాను... రెప్ప వెయ్యలేదు.

గూడు ఖాళీ.

ఎన్నడూ లేనిది, ఆ సొరంగంలో నాకు భయమేసింది.