కదలని తీగ పెట్టె

ఆ ల్యాబులో కింది గదికి పోవాలంటే ఊడ్చేవాళ్లు కూడా మొహం చిట్లించుకునేవాళ్లట. కంపు ఒకటి, దెయ్యం ఒకటి. మా బావ చెప్పగా విన్నదే చెబుతున్నాను... తింటూ మాత్రం వినకండి.

బావంటే మా అక్క మొగుడు. అప్పటికి అక్కకి నెలలు నిండాయి, ఆ ల్యాబులో బావ ఉద్యోగం కొత్తది. అతనికి ముందు ఆ పనిలో ఉన్నావిడ ఒక్క రాత్రికే మానేసింది— ఆ గదిలో ఏదో ఊపిరి తీస్తోందని.

అక్కడి పని ఇదీ. లేజర్ వెలుగుని రెండు పాయలు చేసి, వెంట్రుకంత సన్నటి రెండు గాజు తీగల్లోకి పంపి, మళ్లీ కలుపుతారు. కలిస్తే తెరమీద చారలు పడతాయి. ఒక తీగని వంతెనకి అంటిస్తారు. వంతెన వణికితే చారలు కదులుతాయి. రెండో తీగ మాత్రం పెట్టెలో చుట్టగా, కదలకుండా పడుండాలి. ఆ పెట్టెకి ల్యాబు ఆఫీసరే సీలు వేస్తాడు, ఇంకెవరూ తెరవకూడదు. ఆయన నోరు ఎప్పుడూ నములుతూనే ఉంటుంది. వేళ్లు నాక్కుని ఆ చేత్తోనే సీలు వేస్తాడు. ఛీ.

"పొద్దున్నకి చారలు నిలబడకపోతే నువ్వూ ఇంటికే," అన్నాడు బావతో.

రాత్రి బావ ఒక్కడే. వంతెనకి అంటించాల్సిన తీగ ఇంకా బల్లమీదే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అయినా... చారలు ఉబ్బుతున్నాయి— తగ్గుతున్నాయి— ఉబ్బుతున్నాయి. బావ ఊపిరి బిగబట్టాడు. చారలు ఆగలేదు.

కాపలా అతను గుమ్మంలోంచే గుసగుసలాడాడు. "బాబూ... అది పెట్టెలోనే ఉంది. వచ్చెయ్యండి."

బావ గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. కానీ అక్క మొహం గుర్తొచ్చింది. సీలు చింపాడు. మూత ఎత్తాడు...

కంపు గుప్పున కొట్టింది. గాజు చుట్ట మీదా, కిందా, సందుల్లోనూ తెల్లగా— పురుగులు. లుకలుకలాడుతూ ఒకదానిమీదొకటి. వాటి కింద సగం కొరికిన కోడి కాలు, పంటిగాట్లతో సహా.

బావ మూలకి పోయి కక్కుకున్నాడు. తర్వాత ముక్కుకి గుడ్డ కట్టుకుని, కోడి కాలు తీసి, పురుగులన్నీ ఏరి, చుట్ట తుడిచి, మూత పెట్టాడు. చారలు గీత గీసినట్టు నిలబడ్డాయి.

పొద్దున ఆఫీసరు వచ్చాడు, ఏదో నములుతూ. బావ కాగితంలో చుట్టిన ఎముక చూపించాడు. "ఇదిగోండి సార్, దెయ్యం."

"అరె, ఇందులో పడిందా? ఎక్కడ పెట్టానా అని ఆ రోజంతా వెతికాను," అని నవ్వాడాయన. తెర చూసి సంతోషించి, వేళ్లు నాక్కుని, బావ చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఉద్యోగం నిలబడింది. అక్కకి పాప పుట్టింది. ఇప్పటికీ పాపని ఎత్తుకునే ముందు బావ ఆ చెయ్యి సబ్బుతో తోముకుంటూనే ఉంటాడు.